నూలు చెప్పిన కథలు

తెలుగువారు కథను చెప్పుదురు, వ్రాయుదురు. అంతకు ముందే 'అల్లుదురు'. పద్యమును అల్లుట, మాటకు మాట అతుకుట, కథ తెగిపోవుట, తెగిన కథను మరల అందుకొనుట మొదలగు పలుకుబడులు మనకు నిత్యవ్యవహారములు. ఇద్దరి చెలిమిని పొగడవలసి వచ్చినపుడు పడుగు పేకల వలె కలిసిరి అందుము. ఇవి అల్లికనుండియు, నూలుపనినుండియు భాషలోనికి వచ్చి స్థిరపడిన మాటలు. తెలుగుదేశమున కథయు వస్త్రమును ఒకే ఇంటిలో పెరిగినవని చెప్పుటకు ఈ పలుకులే సాక్ష్యము.

అట్లయినచో ఒక ప్రశ్న వేసికొనవలసియున్నది. వస్త్రమును సిద్ధము చేసిన చేతుల కథను ఎవరు అల్లిరి? నేతగాని పేరు కొంత వినబడును. వర్తకుని పేరు ఇంకను ఎక్కువగా వినబడును. చీర కట్టిన రాణి పేరు శాసనములకెక్కును. దూదిని ఏకు చేసి, ఏకును నూలు చేసి, నూలును కండె చేసి మగ్గము చెంతకు చేర్చిన స్త్రీ పేరు ఎచ్చట? ఈ ప్రశ్నకు సమాధానమును కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములందు వెదకుట ఈ వ్యాసమున ఉద్దేశించిన పని.

ఈ మూడును ఒకనాటి తాలూకాలు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్నానది చెంత నున్న పట్టణములు. పులివెందుల వాటికి దక్షిణముగా నున్న మెట్టసీమ. వానలు తక్కువ, నల్లరేగడి నేలలు ఎక్కువ. అట్టి నేల తన తడిని చాలకాలము కడుపులో దాచుకొనును గనుక ప్రత్తికి అనుకూలము. ప్రత్తితోపాటు ఈ జిల్లాలో నీలి సైతము విరివిగా పండెను. ఐరోపా వర్తకులు కడప పేరును తమ నోట 'కర్పా' అని మార్చి, ఇచ్చటి నీలిమందును ఆ పేరుతోనే పిలిచిరి. 1897లో జర్మనీ దేశపు కృత్రిమమైన నీలిరంగు విపణికి వచ్చిన పిదప నీలి సేద్యము క్షీణించెను. ప్రత్తి, నీలి, ఏటినీరు, నేర్చిన చేతులు — వస్త్రమునకు కావలసినవన్నియు ఒక్క సీమలోనే సమకూడినవి. పద్మశాలి, తొగట, దేవాంగ కుటుంబములు తరతరములుగా నేతను ఆశ్రయించి ఈ ప్రాంతములందు నివసించుచున్నవి.

ఒక చీర మగ్గమునుండి దిగుటకు ముందు ఎన్ని పనులు జరుగునో తలచుకొందము. ప్రత్తినుండి గింజలు వేరుచేయవలెను. దూదిని ఏకి ఏకులు చుట్టవలెను. రాట్నముపై వడికి కదురునుండి నూలు తీయవలెను. పడుగును సాగదీసి గంజి పెట్టవలెను. పేకకై కండెలు చుట్టవలెను. తెగిన పోగును కంటికి కానరాకుండ అతుకవలెను. అటుపిమ్మటనే నాడె కదలును. ఈ పనులలో అధికభాగము స్త్రీలది. యంత్రపు నూలు రాక పూర్వము వడుకుట దాదాపుగా స్త్రీల పనియే. ఒక మగ్గమునకు విరామము లేకుండ నూలు అందించుటకు పలువురు వడుకువారు కావలసియుండెను. నేతగాడు ఒక కులమునకు చెందినవాడు. వడుకు స్త్రీలు మాత్రము అనేక కులములవారు. రైతు ఇల్లాలు, కూలి స్త్రీ, భర్తను కోల్పోయి వేరు ఆధారము లేని ముసలమ్మ — అందరికిని రాట్నము ఎంతోకొంత కూడు పెట్టెను. ఆంగ్లదేశమునను ఇదే స్థితి. ఆ భాషలో 'స్పిన్‌స్టర్' అను మాటకు మొదటి అర్థము వడుకు స్త్రీ. తరువాత అది పెండ్లికాని స్త్రీకి పేరయ్యెను. పని పోయినను పేరు మిగిలెను. మనకు ఆ పేరు సైతము మిగులలేదు.

1800 సంవత్సరమున నిజాము నవాబు ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఈ ప్రాంతములందు సంచరించి భూములను కొలిపించి, శిస్తులను నిర్ణయించెను. ఆయన 1813లో బ్రిటిషు పార్లమెంటు ఎదుట సాక్ష్యమిచ్చుచు రెండు విషయములను చెప్పెను. ఒకటి, బారామహలు ప్రాంతమున కంపెనీ ఉద్యోగులు నేతగాండ్రలో ముఖ్యులను ఒకచోట చేర్చి, తమకు తప్ప అన్యులకు బట్ట అమ్మమని ఒప్పందము వ్రాసి ఇచ్చువరకు వారిపై కాపలా ఉంచిరన్నది. రెండవది, తాను ఒక భారతీయ శాలువను ఏడేండ్లు వాడినను అది చెక్కుచెదరలేదన్నది. కంపెనీ బలాత్కారమునకును, మన వస్త్రపు గట్టితనమునకును ఒకే మనుష్యుడు సాక్షి యగుట గమనింపదగినది. ఆ సాక్ష్యములో నేతగాడున్నాడు, శాలువ యున్నది. నూలు వడికిన స్త్రీ లేదు.

ఆమె లేకపోవుటకు కారణమున్నది. నాటి ప్రభుత్వము పన్ను వేయదగిన దానిని లెక్కించెను. 'మొహతర్ఫా' అను వృత్తిపన్ను మగ్గముపై పడినది గనుక మగ్గము కచేరి లెక్కలకెక్కెను. రాట్నము ఇంటిమూలనుండెను. హార్గ్రీవ్సు, ఆర్క్‌రైటు, క్రాంప్టను అనువారు 1764 మొదలు 1779 వరకు ఇంగ్లండులో వడుకు యంత్రములను ఒకదాని వెంట ఒకటిగా నిర్మించిరి. వాటి నూలు పందొమ్మిదవ శతాబ్దమున మన సంతలకు చేరెను. నేతగాడు ఆ నూలును కొని, కష్టముతోనైనను తన మగ్గమును నిలుపుకొనెను. రాట్నము మాత్రము ఆగిపోయెను. మగ్గము ఆగినచో వీధికి వినబడును; రాట్నము ఆగినచో ఆ ఇంటివారికి మాత్రమే తెలియును. ఒక్కొక్క ఇంటిలో ఒక్కొక్కటిగా ఆగిన ఆ రాట్నముల మౌనమే మన వస్త్రచరిత్రలో వ్రాయబడని అధ్యాయము.

కచేరి లెక్కలందు లేనివారిని కథలందు వెదకవలెను. ఈ మూడు ప్రాంతములును మూడు కథలను మనకు అందించుచున్నవి.

మొదటిది ప్రొద్దుటూరునందు వినబడును. బట్టల వ్యాపారమునకును, బంగారు వ్యాపారమునకును పేరుగన్న ఈ పట్టణమున దసరా ఉత్సవములు మిక్కిలి ప్రసిద్ధములు. వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయమున ఆ దినములలో అమ్మవారికి దినమునకొక అలంకారము చేయుదురు. పట్టుచీరల శోభను చూచుటకు జనులు దూరప్రాంతములనుండి వత్తురు. ఆ పట్టుచీరల వెనుకనున్న కథ యేది? పెనుగొండలో కుసుమశ్రేష్ఠి కూతురైన వాసవిని విష్ణువర్ధనుడను రాజు కోరెను. ఆమె నిరాకరించెను. రాజు బలమును ప్రయోగింప బూనగా ఆమె అగ్నిప్రవేశము చేసెను. 102 గోత్రములవారు ఆమెతోపాటు అగ్నిలో ప్రవేశించిరి. ఈ గాథను పోలిన వృత్తాంతమునే గురజాడ అప్పారావు 'కన్యక' అను గేయముగా రచించెను. వలదన్న ఒక బాలిక మాటకు ఒక జాతి తలవంచి, ప్రతి సంవత్సరము ఆమెకు చీర సమర్పించుచున్నది. అయితే ఆ మాట బ్రతికియుండగా చెల్లలేదు; అగ్నిలో చేరిన పిదపనే చెల్లెను. పూజతోపాటు ఈ విషయమును కూడ తలచుకొనుట న్యాయము.

రెండవ కథ జమ్మలమడుగు మొదలగు నేతపల్లెలది. తొగటలకును, దేవాంగులకును కులదేవత చౌడేశ్వరి. ఆమె ప్రసిద్ధ క్షేత్రమైన నందవరము జమ్మలమడుగునకు ఉత్తరమున, నేటి నంద్యాల జిల్లాలో నున్నది. దేవాంగుల గాథ ప్రకారము దేవలమహర్షి లోకమునకు వస్త్రము నేయుటకై విష్ణువు నాభికమలమునుండి నూలు తెచ్చుచుండగా రాక్షసులు అడ్డగించిరి. అపుడు చౌడేశ్వరి ప్రత్యక్షమై వారిని సంహరించెను. ఆ రాక్షసుల రక్తము వేర్వేరు వన్నెలదై యుండెననియు, మహర్షి ఆ వన్నెలందు నూలును ముంచి రంగులు పట్టించెననియు చెప్పుదురు. ఈ గాథలో నేసినవాడు పురుషుడు. నూలును కాపాడినది స్త్రీ. రంగు పుట్టినది ఆమె పోరాటమునుండి. ఇంటిలో నూలు పాడుగాకుండ చూచి, గంజి పెట్టి, రంగు అద్దిన స్త్రీ శ్రమకు పురాణము ఇచ్చిన రూపమే ఈ దేవత యేమో యని నాకు తోచుచుండును. ఇంటిలో చెప్పబడని గౌరవము గుడిలో చెప్పబడినది.

మూడవది పులివెందుల సీమలోని గండిక్షేత్రపు గాథ. వేంపల్లె సమీపమున పాపఘ్నీనది కొండలను చీల్చుకొని వచ్చుచోట ఆంజనేయస్వామి ఆలయమున్నది. లంకనుండి మరలివచ్చుచు శ్రీరాముడు అచ్చట ఆగి, తన బాణపుమొనతో బండపై హనుమంతుని రూపమును గీసెననియు, ఎడమచేతి చిటికెనవ్రేలు మాత్రము మిగిలిపోయెననియు స్థలపురాణము. రాముని రాకకై వాయుదేవుడు ఆ రెండు కొండల నడుమ బంగారుతోరణము కట్టెననియు, అది పుణ్యాత్ములకు మాత్రమే కానవచ్చుననియు, మన్రో దానిని చూచెననియు, ఆ పిమ్మట కొలదికాలమునకే మరణించెననియు జనులు చెప్పుకొందురు. మన్రో 1827లో పత్తికొండలో కలరా సోకి మరణించిన మాట చరిత్ర. తోరణము మాట జనశ్రుతి. ఇరువది యేండ్లకు మునుపే ఈ సీమ విడిచిన దొరను సైతము జనుల నోరు మరువక తన కథలో చేర్చుకొన్నది.

ఈ గండి చిత్రమునకు ఎదురుగా మరియొక చిత్రమున్నది. అది బండపై లేదు. స్త్రీల పాటలో నున్నది. వడుకుచు, విసరుచు, దంచుచు, పిల్లలను నిద్రపుచ్చుచు మన స్త్రీలు పాడుకొన్న రామాయణపు పాటలు ఎన్నియో కలవు. 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు వాటిని 'స్త్రీల రామాయణపు పాటలు' అను పేరుతో సంపుటముగా వెలువరించెను. ఆ పాటలలో ఒకదాని కథ యిది. పట్టాభిషేకమైన తరువాత శూర్పణఖ మారువేషమున సీత చెంతకు వచ్చి రావణుని చిత్రము వ్రాసి యిమ్మని కోరెను. తాను ఆతని కాలివ్రేలు తప్ప చూడలేదని సీత చెప్పి, ఆ వ్రేలును మాత్రము వ్రాసెను. తక్కిన రూపమును శూర్పణఖ పూరించి దానికి ప్రాణము పోయించెను. ఆ చిత్రము సీతను వదలలేదు. అది రాముని కంట బడెను. సీతకు అడవి ప్రాప్తించెను. అంతఃపురస్త్రీలు మాత్రము సీత పక్షమున నిలిచిరి.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. రాముడు ఒక చిత్రము గీసెను; ఒక వ్రేలు మిగిలెను; అది క్షేత్రమయ్యెను. సీత ఒక వ్రేలు మాత్రము గీసెను. అది ఆమెకు శిక్ష యయ్యెను. ఈ రెండును ఎవరో ఒక కవి ఎదురెదురుగా కల్పించినవి కావు. ఒకటి గుడిలో పుట్టినది. ఒకటి ఇంటిలో పుట్టినది. కాని స్త్రీ చేతి గీతకును పురుషుని చేతి గీతకును లోకము కట్టిన విలువలలోని భేదమును ఇంతకంటె స్పష్టముగా ఏ శాస్త్రగ్రంథమును చెప్పజాలదు. స్త్రీల పాట ఈ భేదమును నిందావాక్యముగా చెప్పలేదు. కథగా చెప్పి ఊరకుండెను. వినువారికే విడిచిపెట్టెను.

'ఊర్మిళాదేవి నిద్ర' అను పాటయు ఇట్టిదే. వాల్మీకి రెండు మాటలతో దాటిపోయిన ఊర్మిళ ఈ పాటలో పదునాలుగేండ్లు నిద్రించును. తిరిగివచ్చిన భర్తను పరపురుషుడని తలచి హెచ్చరించును. వెలుచేరు నారాయణరావు ఈ పాటలను సూక్ష్మముగా పరిశీలించి, వీటిలో స్త్రీలు తమ రామాయణమును తామే నిర్మించుకొన్నారని 1991లో ప్రకటితమైన ఒక ఆంగ్లవ్యాసమున నిరూపించిరి. పట్టము, యుద్ధము, ధర్మసూక్ష్మము ఈ పాటలలో వెనుకకు పోయినవి. పురుడు, పెండ్లి, అలక, అత్తవారింటి పరీక్ష ముందునకు వచ్చినవి. కథను కొత్తగా చెప్పుటకు వారు కథను కాదనలేదు. పాత నూలునే తీసికొని వేరు నేత నేసిరి.

ఈ జిల్లాయే స్త్రీ కథనమునకు తొలినాటి గ్రంథమును సైతము ఇచ్చినది. పదునైదవ శతాబ్దమున తాళ్లపాక తిమ్మక్క 'సుభద్రాకల్యాణము' రచించెను. ఆమె అన్నమాచార్యుని భార్య; తెలుగున మనకు తెలిసిన తొలి కవయిత్రి. ఆమె ఎన్నుకొన్నది చంపూకావ్యమును కాదు. స్త్రీలు పాడుకొనుటకు వీలైన మంజరీద్విపదను. రాజసభకై వ్రాయక ఇంటి వసారాకై వ్రాసెను. భర్త కీర్తనలు రాగిరేకులకెక్కి శ్రీవేంకటేశ్వరుని సన్నిధిని భద్రపడినవి. ఆమె కావ్యము నిలిచినది. ఆమె జీవితమును గూర్చి మాత్రము మనకు తెలిసినది స్వల్పము.

కథయే వస్త్రముగా మారిన చోటు కూడ మనకు దూరము కాదు. తాళ్లపాకకు దక్షిణమున స్వర్ణముఖీతీరమున శ్రీకాళహస్తి యున్నది. అచ్చటి కలంకారి గుడ్డపై వ్రాసిన పురాణము. గుడ్డను కరక్కాయలును గేదెపాలును కలిపిన నీట ముంచి ఆరవేయుదురు. చింతపుల్లల బొగ్గుతో బొమ్మలను గుర్తించుకొందురు. ఇనుపముక్కలను బెల్లపునీట ఊరవేసి చేసిన 'కసిమి'తో నల్లగీతలు దిద్దుదురు. పటిక పూసిన చోట ఎరుపు నిలుచును. ఏటిలో పలుమార్లు ఉతుకుదురు. బొమ్మల క్రింద తెలుగున కథ వ్రాయుట పూర్వాచారము. ఈ విద్య కృశించుచున్న దశలో కమలాదేవీ చట్టోపాధ్యాయ పూనికతో 1957లో అచ్చట శిక్షణకేంద్రము ఏర్పడెను. జొన్నలగడ్డ లక్ష్మయ్య విద్య నేర్పెను. ఆయన కుమారుడు గురప్పచెట్టి 2008లో పద్మశ్రీ పొందెను. పూర్వము కలము పురుషుల చేతిలో నుండెను. ఉతుకుట, రంగు నింపుట మొదలగు పనులందు ఇంటి స్త్రీలు తోడ్పడిరి. నేడు శ్రీకాళహస్తిలో కలము పట్టిన స్త్రీలు ఎందరో కలరు. పురాణము అదే, గీయు చేయి మారినది. చేయి మారినపుడు కథ ఎంతవరకు మారునన్నది ఇక చూడవలసియున్నది.

ఇతరదేశములందు ఈ మార్పు ఏ రీతిగా సాగెనో తెలిసికొనుట మనకు ఉపకరించును. గ్రీకుల పురాణగాథలో ఫిలోమెలా అను కన్యను రాజు చెరిచి, చెప్పకుండుటకై నాలుక కోసెను. ఆమె జరిగిన దానిని వస్త్రమున నేసి అక్కకు పంపెను. నోరు పోయినను నూలు పలికెను. ఫ్రాన్సులోని బయూ పట్టణమున పదునొకండవ శతాబ్దపు సూదిపని గుడ్డ ఒకటి యున్నది. దాదాపు 70 మీటర్ల పొడవున ఒక యుద్ధచరిత్రను చెప్పు ఆ గుడ్డను జనులు మెటిల్డారాణి పేర పిలుచుచు వచ్చిరి. కుట్టినవారి పేర్లు తెలియవు.

ఇరువదవ శతాబ్దమున స్త్రీలు ఈ మరుగును తొలగింప బూనిరి. అమెరికాలో జూడీ చికాగో 1974 మొదలు 1979 వరకు పలువురి తోడ్పాటుతో 'విందుబల్ల' అను శిల్పమును నిర్మించెను. అందు 39 మంది స్త్రీలకు స్థానములు ఏర్పరచి, ఒక్కొక్కరి ఎదుట వారి కాలమునకు తగిన సూదిపని గుడ్డను పరచిరి. నల్లజాతి చిత్రకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డు (1930–2024) తన ఆత్మకథకు ప్రకాశకులు దొరకని కాలమున బొంతలపై కథలు వ్రాయ మొదలిడెను. ఆమె పూర్వులలో బానిసయై బొంతలు కుట్టిన స్త్రీ కలదు. ఆమె తొలిబొంతను 1980లో దర్జీపనిలో ఆరితేరిన తల్లితో కలిసి కుట్టెను. తొలి కథాబొంత 1983 నాటిది. దక్షిణ అమెరికాలోని చిలీదేశమున 1973లో సైనికులు అధికారము చేజిక్కించుకొని వేలమందిని బంధించిరి, ఎందరో అదృశ్యులైరి. వారి తల్లులు, భార్యలు గోనెగుడ్డలపై పాతబట్టల ముక్కలతో తమ బిడ్డల కథలను కుట్టి విదేశములకు పంపిరి. పత్రికలు పలుకలేని దినములలో గోనెగుడ్డలు పలికినవి.

ఇంత దూరము పోనక్కరలేదు. బీహారులోని ముజఫర్‌పూర్ జిల్లాలో పాతచీరలను పొరలుగా పేర్చి కుట్టు 'సుజని' యను బొంతలపై 1980ల చివరినుండి గ్రామీణ స్త్రీలు వరకట్నము, ఆడపిల్ల చదువు, త్రాగుబోతు భర్త మొదలగు తమ బాధలనే బొమ్మలుగా కుట్టుచున్నారు. బొంత మన రాయలసీమలో లేనిదా? తల్లి చీర, అత్త చీర, తన పెండ్లిచీర — చిరిగిన పిదప నాలుగు పొరలుగా పరచి పెద్దదారముతో కుట్టిన బొంత లేని ఇల్లు ఒకప్పుడు ఈ పల్లెలందు అరుదు. ఏ ముక్క ఎవరి చీరదో కుట్టిన ఆమెకు తెలియును, అడిగినచో చెప్పును. అది ఒక కుటుంబచరిత్ర. కాని అక్షరములు లేని చరిత్ర. బొంత చిరిగినపుడు ఆ చరిత్రయు చిరుగును.

తెలుగుదేశమున సైతము ఈ దిశగా పని ఆరంభమయ్యెను. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అను గ్రంథమున తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీల మాటలను వారి నోటనే విని ప్రకటించెను. ఓల్గా తన 'విముక్త' కథలలో సీతను శూర్పణఖతోను, అహల్యతోను, రేణుకతోను, ఊర్మిళతోను కలిపి మాటలాడించెను. ఆ గ్రంథమునకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. స్త్రీల పాటలో సీతకు కీడు తలపెట్టిన శూర్పణఖ ఇచ్చట ఆమెకు స్నేహితురాలు. పాట విడిచిపెట్టిన కొసను వచనము అందుకొన్నది. 1977లో హైదరాబాదులో జన్మించిన లావణ్యమణి ప్రత్తిగుడ్డపై కలంకారి విధానమున, సహజవర్ణములతో, సూదిపనితో చిత్రములు నిర్మించి, వలసపాలకుల వస్త్రవాణిజ్యమును, నావికుల కట్టుకథలను వాటియందు తిరిగి చెప్పుచున్నది. ఒకప్పుడు ఓడలకెక్కిపోయిన గుడ్డయే నేడు ఆ ఓడల కథను చెప్పుచున్నది.

అయితే చిత్రశాలలందు వ్రేలాడు వస్త్రమును మెచ్చుకొని, మగ్గము ప్రక్కన కండెలు చుట్టు ఆమెను మరచుట తగదు. 2019–20 నాటి నాలుగవ అఖిలభారత చేనేత గణన ప్రకారము దేశమున చేనేత పనివారు 35 లక్షలకు పైబడియున్నారు. వారిలో నూటికి 72 మంది స్త్రీలు. ఈ సంఖ్యలో అధికభాగము ఈశాన్యరాష్ట్రములది. అచ్చట స్త్రీయే మగ్గముపై కూర్చుండును. మన ప్రాంతములందు మగ్గముపై పురుషుడు కూర్చుండుటయు, ముందుపనులు స్త్రీ చేయుటయు చిరకాలపు వాడుక. ముందుపనికి వేరు కూలి కట్టని ఇండ్లు ఎన్నియో. చీర వెలలో ఆమె శ్రమ చేరును. ఆమె చేతికి మాత్రము వేరుగా రాదు. కథలో ఆమె లేకపోవుటకును, కూలిలో ఆమె లేకపోవుటకును మూలము ఒకటే. లెక్కకు రాని పనిని లోకము పనిగా తలపదు.

నల్లగొండ సీమలో జరిగిన ఒక వృత్తాంతమును ఈ సందర్భమున చెప్పవలసియున్నది. ఆలేరు సమీపమున శారాజీపేటలో లక్ష్మి యను నేతగత్తె ప్రతిదినము ఆసు పోయుచుండెను. ఒక్క చీరకు నూలును మేకుల చుట్టు వేలకొలది పర్యాయములు చేయి చాచి త్రిప్పవలెను. భుజము, మోచేయి నొప్పితో ఆమె బాధపడుటను చూచిన కుమారుడు చింతకింది మల్లేశము, పెద్దచదువు లేకున్నను, ఏండ్ల తరబడి శ్రమించి ఆసుయంత్రమును కనుగొనెను. దానికి తల్లి పేర 'లక్ష్మీ ఆసుయంత్రము' అని పేరు పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను. ఆ యంత్రము వేలమంది స్త్రీల భుజములకు విశ్రాంతి నిచ్చెను. అంతకంటెను విశేషమేమనగా, ఆసు పోయు స్త్రీకి నొప్పి కలదన్న మాట మొదటిసారి దేశమునకు వినబడెను. ఒక పరికరముపై పనిచేసిన స్త్రీ పేరు నిలుచుట మన వస్త్రచరిత్రలో అరుదైన సంగతి.

మన వస్త్రములపై ఊళ్ల పేర్లు నిలిచినవి: పోచంపల్లి, గద్వాల, ధర్మవరము, ఉప్పాడ, వెంకటగిరి. ఇది మంచిదే. కాని ఊరు నేయదు. ఊరిలోని మనుష్యులు నేయుదురు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములందు కండె చుట్టిన, గంజి పెట్టిన, రాట్నము త్రిప్పిన వృద్ధస్త్రీలు ఇంకను మన మధ్య నున్నారు. వారి నోట పనిపాటలున్నవి, పనిముట్ల పేర్లున్నవి, నీలిబానను, కరువు సంవత్సరములను గూర్చి తమ అవ్వలు చెప్పిన మాటలున్నవి. వీటిని సేకరించుటకు పెద్దధనము అక్కరలేదు. పాఠశాలలోని పిల్లలు తమ అవ్వను కూర్చుండబెట్టి అడిగినచో చాలును: ఈ బొంతలో ఈ ముక్క ఎవరిది? ఈ పాట నీకు ఎవరు నేర్పిరి? చెప్పిన దానిని ఆమె పేరుతో, ఊరి పేరుతో, సంవత్సరముతో వ్రాసి పెట్టవలెను. నేతసంఘములు చీరతోపాటు ఇచ్చు చీటిపై నేసినవాని పేరు క్రింద, నూలు సిద్ధము చేసిన ఆమె పేరును కూడ ముద్రించవలెను.

ఇది దయ కాదు, బాకీ. గండిలో మిగిలిన చిటికెనవ్రేలు పూరింపరాదని పెద్దలు చెప్పుదురు, అది దైవకార్యము. మన వస్త్రచరిత్రలో మిగిలిన వ్రేలు అట్టిది కాదు. అది మనుష్యులు విడిచినది, మనుష్యులే పూరింపదగినది.